వెంబ్లీకి వెళ్లడం తేలికే, తిరిగి రావడమే కష్టం

లండన్ వెంబ్లీ స్టేడియంలో 90,000 సీట్లు. ఆట ముగియగానే జనంలో ఎక్కువమంది ఒలింపిక్ వే మీదుగా వెంబ్లీ పార్క్ స్టేషన్‌కే నడుస్తారు. ప్లాట్‌ఫాం కిక్కిరిసిపోకుండా మెట్లకు ముందే ఆపి, విడతలవారీగా వదులుతారు. చిన్నపిల్లలుంటే ఆ గుంపులోకి అసలు వెళ్లకండి. ఇరవై నిమిషాలు నడిచినా సరే, వెంబ్లీ సెంట్రల్‌కి వెళ్లి బేకర్లూ లైన్ (అండర్‌గ్రౌండ్ రైలు) ఎక్కడం నయం. సెంట్రల్ లండన్‌లోని మేరీల్‌బోన్ స్టేషన్‌కి వెళ్లేవాళ్లకి వెంబ్లీ స్టేడియం స్టేషన్ ఉంది.

వెళ్లేటప్పుడు బేకర్ స్ట్రీట్ స్టేషన్‌లో మెట్రోపాలిటన్ లైన్ రైలు ఎక్కండి, వెంబ్లీ పార్క్‌కి మధ్యలో ఫించ్లీ రోడ్ ఒక్కటే స్టాప్. అదే దారిలో వెళ్లే జూబ్లీ లైన్ రైలు అన్నిచోట్లా ఆగుతుంది.

కారు వద్దు. మ్యాచ్ రోజు చుట్టుపక్కల వీధుల్లో పర్మిట్ ఉన్నవాళ్లకే పార్కింగ్. బ్యాగ్ ఏ4 కాగితం కన్నా పెద్దదైతే లోపలికి రానివ్వరు.