ఫిజీ వరిపొలంలో మీథేన్ లెక్క

వరిమళ్లలోంచి ఎంత మీథేన్ గాలిలోకి పోతోందో లెక్క రాయడానికి మనిషికి జీతమిచ్చి పసిఫిక్ సముద్రం మధ్యకి పంపుతారంటే మా పెదనాన్న నమ్మలేదు. "గాలికి కాటా వేస్తావుట్రా?" అన్నాడు ఫోన్లో. మాది మార్టేరు పక్క ఊరు. స్వర్ణ వరి రకం పుట్టిన అక్కడి రీసెర్చ్ స్టేషన్‌ని చూస్తూ పెరిగినవాళ్లం. వరి గురించి ఎవరేం చెప్పినా మావాళ్లు అంత తేలిగ్గా ఒప్పుకోరు.

నేనుండేది ఫిజీలో. 300 పైచిలుకు దీవులు, 9 లక్షల జనం. రాజధాని సువా ఉన్న విటి లేవు పెద్ద దీవి. వరికి పేరు మాత్రం రెండో పెద్ద దీవి వనువా లేవుది. అక్కడ లంబాసా టౌన్ నుంచి పడమటి వైపు వెళ్తే డ్రెకెటీ వస్తుంది. ప్రతి దేశమూ తన ఉద్గారాల లెక్క ఐక్యరాజ్యసమితికి పంపాలి కదా, అందులో "వరి సాగు" అనే వరుసకి కావలసిన పొలం వివరాలు పోగుచేయడం నా పని. ఎంత విస్తీర్ణం, ఎన్ని రోజుల పంట, నీళ్లు ఎన్నాళ్లు నిలుస్తాయి, కోత తర్వాత గడ్డి ఏం చేస్తారు. ఉద్యోగం పేరు గొప్పగానే ఉంటుంది. రోజంతా చేసేది రబ్బరు బూట్లతో గట్ల మీద నడవడం, ఫారాలు నింపడం.

మడిలో నీళ్లు నిలిస్తే మట్టికి గాలి ఆడదు. గాలాడని బురదలో గడ్డీ వేళ్లూ కుళ్లేటప్పుడు కొన్ని సూక్ష్మజీవులు మీథేన్ తయారుచేస్తాయి. అది ఎక్కువగా బుడగల రూపంలో పైకి వస్తుందనుకుంటాం గానీ, చాలా భాగం వరి మొక్క కాడలోంచే వస్తుంది. నీళ్లలో మునిగిన వేళ్లకి ఆక్సిజన్ అందడానికి కాడ లోపల సన్నటి గాలి దారులుంటాయి. పైనుంచి ఆక్సిజన్ దిగే దారినే కింద నుంచి మీథేన్ ఎక్కుతుంది. వందేళ్లలో భూమిని వేడెక్కించే లెక్కన చూస్తే కిలో మీథేన్ సుమారు 28 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం.

సొంత కొలతలు లేని దేశాలకి ఐపీసీసీ, అంటే వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం, ఒక సూత్రం ఇచ్చింది. 2019లో సవరించిన దాని ప్రకారం, ఎప్పుడూ నీళ్లు నిలిచే హెక్టారు మడి నుంచి రోజుకి 1.19 కిలోల మీథేన్ వస్తుందని తీసుకుంటారు. 120 రోజుల పంటకి దాదాపు 143 కిలోలు. అంటే నాలుగు టన్నుల కార్బన్ డయాక్సైడ్, ఇంచుమించు 1,500 లీటర్ల డీజిల్ తగలబెట్టినట్టు. అదే మడి వర్షాధారమైతే ఆ అంకెని 0.54తో గుణించాలి. తరచూ బెట్టకొచ్చే పొలమైతే 0.16తో. ఫారంలోని నీటి గడిలో నేను ఏ టిక్కు పెడతానన్న దాన్ని బట్టి ఒకే పొలం 143 కిలోలైనా కావచ్చు, 23 కిలోలైనా కావచ్చు. కాబట్టి ఆ గడి దగ్గరే నాకు టెన్షన్.

డ్రెకెటీలో ఒక పెద్దాయన ఉన్నారు. అందరూ కాకా అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. వాళ్ల ముత్తాత మద్రాసులో ఓడెక్కి గిర్మిట్ కూలీగా, అంటే ఒప్పందపు కూలీగా, వచ్చినవాడు. ఫిజీకి మొదటి కూలీ ఓడ 1879లో వచ్చినా, దక్షిణాది వాళ్లని తేవడం మొదలైంది 1903లో. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. 1941లో ఇక్కడ విడిగా ఆంధ్ర సంఘం కూడా పెట్టుకున్నారు. కాకాకి తెలుగులో వచ్చినవి నాలుగైదు మాటలు, ఒక భజన. మేం మాట్లాడుకునేది ఫిజీ హిందీలోనే. నా హిందీ విని ఆయన మనవరాలికి ఒకటే నవ్వు.

"కాకా, మడిలో నీళ్లు ఎప్పుడు పెడతారు, ఎప్పుడు తీస్తారు?" అని ఫారంలో ఉన్నది ఉన్నట్టు అడిగాను.

"నేను పెట్టడమేంటి బేటా? వాన పడితే ఉంటాయి. గట్టు తెగితే పోతాయి."

మా గోదావరి డెల్టాలో పుట్టినవాడికి ఇది కొరుకుడు పడటానికి కొంత కాలం పడుతుంది. మాకు కాలవ ఎప్పుడు వదులుతారు, ఎప్పుడు కట్టేస్తారు అన్నది అందరికీ తెలిసిన తేదీ. సార్వా, దాళ్వా అని రెండు పంటలు, బోదెలు, తూములు, వాటి దగ్గర పోట్లాటలు. డ్రెకెటీలోనూ ఒకప్పుడు ప్రభుత్వం సాగునీటి పథకం పెట్టింది. 1980ల్లో ఫిజీ తినే బియ్యంలో సగం పైనే దేశంలోనే పండేది. తర్వాత దిగుమతుల మీద ఆంక్షలు సడలాయి, చవక బియ్యం వచ్చింది. దానికి తోడు కౌలు గొడవ. ఇక్కడి భూమి చాలా వరకు ఐతౌకేల తెగల ఉమ్మడి ఆస్తి. వాళ్లే ఈ నేల మూలవాసులు. భారత సంతతి రైతు దాన్ని ముప్పై ఏళ్ల లీజుకి తీసుకుని సాగు చేస్తాడు. 1997 నుంచి ఆ లీజులు ఒక్కొక్కటే ముగియడం మొదలైంది. రెన్యూ కానివాళ్లు సువా చుట్టుపక్కలకో ఆస్ట్రేలియాకో పోయారు. మనిషి పోయాక కాలవలో గడ్డి ఎవరు కోస్తారు? ఇందులో తప్పు భూమి యజమానులదని నేను అనను. లీజు ముగిస్తే తన భూమి తాను వెనక్కి తీసుకోవడంలో అన్యాయం ఏముంది? కాకా కూడా అనరు. కాకపోతే లీజులో మిగిలింది తక్కువ కాలమైనప్పుడు ఎవరూ తూముకి సిమెంటు కొనరు.

మీథేన్ తగ్గించడానికి అందరూ చెప్పే మందు ఆరుతడి. మడిలో చిల్లులున్న ప్లాస్టిక్ పైపు పాతి, అందులో నీటి మట్టం నేలకి 15 సెంటీమీటర్లు దిగాకే మళ్లీ నీళ్లు పెట్టాలి. పూత దశలో మాత్రం ఎండనివ్వకూడదు. మంచి పద్ధతే, దిగుబడి పెద్దగా తగ్గకుండా మీథేన్‌ని మూడో వంతో ఇంకా ఎక్కువో తగ్గిస్తుంది. కానీ మళ్లీ నీళ్లు పెట్టగలనన్న ధైర్యం ఉన్నవాడే మడిని ఆరనిస్తాడు. వాన మీద బతికేవాడు పడిన ప్రతి చుక్కనీ గట్టు వేసి ఆపుకుంటాడు. పైపుల శాంపిళ్లు పట్టుకుని నేను వెళ్లిన రోజు కాకా వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "పంపు కూడా ఇస్తారా?" అని అడిగారు. పంపు ఇచ్చినా డీజిల్ కావాలి. విటి లేవుకి మొనసావు జలవిద్యుత్ ఉంది గానీ ఈ దీవిలో కరెంటు కూడా ఎక్కువగా డీజిల్ జనరేటర్ల నుంచే వస్తుంది.

ఒక తమాషా ఉంది. వాతావరణ చర్చల్లో వ్యవసాయానికి చోటు దొరికిన తీర్మానం పేరు "కొరొనివియా జాయింట్ వర్క్". 2017లో జర్మనీలోని బాన్‌లో జరిగిన కాప్-23 వాతావరణ సదస్సుకి అధ్యక్షత ఫిజీదే. అందుకే ఆ పేరు. కొరొనివియా అంటే సువా నుంచి నౌసోరి వెళ్లే దారిలో ఉన్న వ్యవసాయ పరిశోధన కేంద్రం. ప్రపంచమంతా ఆ పేరుతో పేపర్లు రాసింది. నేను మొదటిసారి అక్కడికి వెళ్లినప్పుడు ఊళ్లో మార్టేరు స్టేషన్ గేటు ముందు నిలబడ్డట్టే అనిపించింది.

ఇంతకీ ఇక్కడి వరి వల్ల వచ్చేది ఎంత? వెయ్యి హెక్టార్ల వర్షాధారపు వరి అనుకుని లెక్క వేస్తే ఏడాదికి 2,000 టన్నుల పైన వస్తుంది, కార్బన్ డయాక్సైడ్‌లోకి మార్చి చూస్తే. దేశం మొత్తం వదిలేది 20 లక్షల టన్నులకి పైమాట, ఎక్కువగా డీజిలూ పెట్రోలూ. అంటే వరి వాటా వెయ్యిలో ఒక వంతు దరిదాపు. ప్రపంచం మొత్తంలో చూస్తే ఫిజీ వాటాయే ఒక శాతంలో వందో వంతు లేదు. ఇదే వనువా లేవులో వునిదొగోలొవా అనే ఊరు సముద్రం ముంచుకొస్తుంటే 2014లో ఊరికి ఊరే ఎత్తుకి తరలిపోయింది. ఆ దీవి మీదే కూర్చుని నేను కిలోల్లో మీథేన్ లెక్కేస్తున్నాను.

లెక్క వేయొద్దని కాదు. పారిస్ ఒప్పందాన్ని 2016లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం ఇది. తన లెక్క తాను సరిగ్గా చూపితేనే పెద్ద దేశాలని నిలదీయగలదు. నాకు గుచ్చుకునేది వేరే. లంబాసా షాపుల్లో దొరికే బియ్యం ఎక్కువ భాగం వియత్నాందో, థాయ్‌లాండ్‌దో, ఆస్ట్రేలియాదో. ఆ బియ్యం తాలూకు మీథేన్ పండిన దేశం ఖాతాలో పడుతుంది. ఫిజీ తన అన్నం తాను పండించుకోవాలని ప్రభుత్వాలు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాయి. అది నిజంగా జరిగితే నేను నింపే వరుసలో అంకె పెరుగుతుంది, చూసేవాళ్లకి ఫిజీ వెనకడుగు వేసినట్టు ఉంటుంది.

రైతులకి ఈ విషయం ఎలాగో పాకింది. ఒక సాయంత్రం యాంగోనా (కావా వేరుతో చేసే ఇక్కడి పానీయం) గిన్నె చుట్టూ కూర్చుని ఉండగా ఒకాయన సూటిగా అడిగాడు, ఈ ఇండియావాలా రాసుకుపోయాక వరి మీద పన్ను వేస్తారా అని. లేదని చెప్పాను. ఐతౌకే పెద్దమనిషి ఒకాయన, ఆయనా వరి వేస్తారు, చిప్ప నాకందిస్తూ "మరి ఏం ఇస్తారు?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. చప్పట్లు కొట్టి చిప్ప ఖాళీ చేశాను.

నీటి గడిలో డ్రెకెటీకి "వర్షాధారం" అనే టిక్కు పెట్టాను. కాలవ ఉంది కాబట్టి "సాగునీరు" అని రాయాలని ఆఫీసులో ఒకరు వాదించారు, కాలవ ఫోటోలు చూపించాక ఊరుకున్నారు. సిఫార్సుల పేజీలో పైపుల కంటే ముందు రెండు రాశాను. ఒకటి, మురుగు కాలవలూ తూములూ బాగుచేయడం. నీళ్లు పెట్టడం తీయడం రైతు చేతికొస్తే దిగుబడీ పెరుగుతుంది, ఆరుతడీ కుదురుతుంది. రెండు, గడ్డిని నాట్లకి ముందు కాకుండా కోత అయిన వెంటనే దున్నేయడం. అప్పుడది పొడినేలలోనే చాలావరకు కుళ్లిపోతుంది, దీనికి పెద్దగా అదనపు ఖర్చు ఉండదు. రెండోది ఈ ఏడాది కోతల తర్వాత చేసి చూస్తానన్నారు కాకా, ట్రాక్టరు వంతు దొరికితే.