తాడు విప్పే ముందు గోడ వంక ఒక చూపు

వసంతం మొదలైన రోజుల్లో రాతిగోడ ఎక్కడానికి దాని కిందికి చేరిన వారెవరైనా ముందుగా రాయి ఆరిందో లేదో చూస్తారు, ఎండ ఏ వైపు నుంచి వస్తుందో లెక్క వేసుకుంటారు. నేను కొన్నేళ్లుగా మరొకటి కూడా చూస్తున్నాను. ఆ గోడ మీద అప్పటికే ఎవరు కాపురం పెట్టారో తెలుసుకోకుండా తాడు విప్పను. అందుకే నా సంచిలో నడుముకు కట్టుకునే హార్నెస్, హెల్మెట్, చాక్ పొడి పక్కన 8×42 బైనాక్యులర్ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. దాని బరువు గురించి తోటివారు వేళాకోళం చేయడం మానలేదు, నేను దాన్ని మోయడమూ మానలేదు.

రాతిని ఎక్కడానికి ఇంతకంటే మంచి కాలం లేదని నా అభిప్రాయం. వేసవిలో చేతులు చెమర్చి, ఎంత చాక్ పూసినా చిన్న పట్లు జారిపోతాయి. అదే వసంతపు ఉదయాన రాయి ఇంకా చల్లగా ఉంటుంది కనుక వేళ్లు పొడిగా నిలుస్తాయి, బూటు అడుగు రబ్బరు కూడా నమ్మకంగా అంటుకుంటుంది. అయితే ఈ కాలానికి తనదైన ప్రమాదం ఒకటుంది. చలికాలంలో గడ్డకట్టేంత చలి పడే చోట్ల, రాతి పగుళ్లలోకి దిగిన నీరు మంచుగా మారేటప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచించి పగులును లోపలి నుంచి నెడుతుంది. మంచు ఉన్నంతకాలం ఆ ముక్కలను అదే పట్టి ఉంచుతుంది, అది కరిగాక అవి ఊగిసలాడుతూ మిగులుతాయి. ఒకసారి నేను పూర్తి నమ్మకంతో పట్టుకున్న పుస్తకమంత రాయి, సొరుగు లాగినంత తేలిగ్గా నా చేతిలోకి వచ్చేసింది. కింద ఎవరూ లేకపోవడం అదృష్టమే తప్ప నా జాగ్రత్త కాదు. అప్పటి నుంచి ప్రతి పట్టునూ ముందు వేలి కణుపులతో తట్టి చూస్తాను, డొల్ల శబ్దం వస్తే దాన్ని వదిలేస్తాను.

ఇసుకరాయి విషయంలో ఇంకా ఓపిక కావాలి. వాన నీరు పీల్చుకున్న ఇసుకరాయి బలహీనపడుతుంది. పైకి ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉండి, పట్లు విరిగిపోవచ్చు. గోడ మొదట్లో మట్టిని నాలుగు వేళ్ల లోతు తవ్వి చూసి, తేమ తగిలితే ఆ రోజుకు ఎక్కడం మానుకోవడమే మంచిది. నిజం చెప్పాలంటే పక్షులను చూడడం నాకు ఇటువంటి ఖాళీ రోజుల్లోనే అలవాటైంది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి: బిలే చేస్తున్నప్పుడు, అంటే ఎక్కేవారి తాడును కింద నుంచి పట్టి కాపాడుతున్నప్పుడు, పక్షుల వంక చూడకూడదు. పైన ఎక్కుతున్న మనిషి ప్రాణం చేతిలో ఉన్నంతసేపు కళ్లు అతని మీదే ఉండాలి. చూడడానికి మన వంతు కోసం ఎదురుచూసే సమయం ఉంది, అంతకంటే ఎక్కువగా ఎక్కుతున్న సమయమే ఉంది. ముక్కు రాతికి జానెడు దూరంలో ఉన్నప్పుడు కనిపించేవి దారిన నడిచేవారికి కనిపించవు. మొన్నటి ప్రయాణంలో కాలు ఎక్కడ మోపాలో తోచక ఆగిన చోట, నా బొటనవేలి పక్కనే పగులులోంచి ఒక ఫెర్న్ మొక్క తల ఎత్తింది. దాని లేత ఆకు ఇంకా వయొలిన్ తలలా చుట్ట చుట్టుకొని, గోధుమ రంగు నూగుతో ఉంది. దాని పైన లైకెన్ (శిలీంధ్రం, నాచు కలిసి రాతి మీద బతికే పొర) మచ్చ ఒకటి అరచేతి వెడల్పున పరుచుకొని ఉంది. రాతిని అంటిపెట్టుకొనే లైకెన్లలో చాలా రకాలు ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగవు కనుక, ఆ మచ్చ వయసు నా వయసు కంటే ఎక్కువే అయి ఉంటుంది. కొత్త దారి శుభ్రం చేస్తామంటూ ఇనుప బ్రష్‌తో గోడనంతా గీకేవారిని చూస్తే నాకు కోపం వచ్చేది ఇందుకే.

ఇక ఈ కాలంలో గోడకు అసలు యజమాని పెరిగ్రీన్ ఫాల్కన్ అనే డేగ. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ కనిపించే ఈ పక్షి గూడు కట్టదు, ఎత్తైన గోడ అరుగు మీద గులకలో చిన్న గుంట చేసి గుడ్లు పెడుతుంది. పొదగడానికి సుమారు నెల రోజులు, పిల్లలు ఎగరడానికి మరో ఆరు వారాలు పడతాయి. మనుషుల అలికిడికి తల్లి లేచిపోతే గుడ్లు చల్లబడిపోతాయి కనుకనే ఈ నెలల్లో చాలా చోట్ల గోడలను ఎక్కేవారికి మూసేస్తారు. ఈ ఆంక్షల మీద విసుక్కునేవారు ఉన్నారు, నేను వారితో ఏకీభవించను. డీడీటీ అనే పురుగుమందు వల్ల గుడ్ల పెంకులు పలచబడి ఈ జాతి ఎన్నో దేశాల్లో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. అమెరికా 1972లో ఆ మందును నిషేధించాక, అక్కడి అంతరించే జాతుల జాబితా నుంచి దీన్ని తొలగించడానికి 1999 దాకా పట్టింది.

ఆ రోజు మా గోడకు ఏ బోర్డూ లేదు. రెండో అంచె మొదలుపెట్టగానే పై నుంచి "కెక్ కెక్ కెక్" అని తెగని అరుపు వినిపించింది, సున్నం కారినట్టున్న పక్షి రెట్టల తెల్లటి చారలు అప్పుడు కంటబడ్డాయి. మారు మాట్లాడకుండా తాడు మీద దిగిపోయాం. పదకొండు వారాల తర్వాత తిరిగి వెళ్లి బైనాక్యులర్ ఎత్తితే, మేము ఆగిన అరుగు మీదే ఒక డేగ కూర్చొని ఉంది. పెద్ద పక్షికి పొట్ట మీద ఉండే అడ్డ గీతలు కాక, రొమ్ము నిండా నిలువు గీతలున్నాయి, అంటే అది ఆ ఏడు పిల్ల. అది ఎంతసేపటికీ కదలలేదు. మేము పక్క దారి ఎక్కాం.