కాంట్రాక్టు అయిపోయినవాళ్ల జట్టు

ఆగస్టులో ఇటలీ ఫ్యాక్టరీలు మూతపడతాయి. ఆగస్టు 15న వీళ్లకి ఫెర్రగోస్తో పండగ. దానికి అటూ ఇటూ కలిపి మూడు వారాలు మా ప్లాంటు గేటుకి తాళం. మామూలుగా ఆ తాళం అందరికీ సంతోషం. 2025లో మాత్రం నాకు భయం పట్టుకుంది. సెప్టెంబరు చివరికి నా ఏడాది కాంట్రాక్టు అయిపోతుంది. పొడిగిస్తారో లేదో అడుగుదామంటే ఆఫీసులో ఫోను ఎత్తే మనిషి లేడు. కాంట్రాక్టు లేకపోతే పెర్మెస్సో, అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే పర్మిట్, దాని రెన్యూవల్ కూడా చిక్కుల్లో పడుతుంది. మిలాన్ నగరమంతా సముద్రం ఒడ్డుకి వెళ్లిపోయింది. నా వీధిలో కూరగాయల కొట్టు కూడా మూసేశారు. ఖాళీ ఊళ్లో నాకు తోడుగా ఉన్నది ఫోను, అందులో పూటకో రకంగా మారే ఒక వార్త: లుక్‌మన్ అనే ఫుట్‌బాల్ ఆటగాడు మా ఇంటర్ మిలాన్ క్లబ్‌కి వస్తాడా, రాడా.

ఆడెమోలా లుక్‌మన్ నైజీరియా ఫార్వర్డ్. అప్పుడు మిలాన్ పక్కనే ఉన్న బెర్గమో క్లబ్ అటలాంటాకి ఆడేవాడు. 2024లో యూరప్ క్లబ్బుల రెండో పెద్ద పోటీ యూరోపా లీగ్ ఫైనల్లో ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు. ఆ ఏడాది ఆఫ్రికా ఉత్తమ ఆటగాడు కూడా అతనే. ఇంటర్ నాలుగున్నర కోట్ల యూరోలు ఇస్తామందని, అటలాంటా అయిదు కోట్లకి తగ్గేది లేదందని పత్రికలు రాశాయి. లుక్‌మన్ తనని వదిలేయమని బహిరంగంగానే అడిగాడు. క్లబ్ వదల్లేదు.

మన దగ్గర క్రికెట్ చూసేవాళ్లకి ఇది కొత్తగా ఉంటుంది. ఐపీఎల్ వేలం ఒకటి రెండు రోజుల్లో, అందరి కళ్లముందు తేలిపోతుంది. సుత్తి పడితే అయిపోయినట్టే. ఇక్కడ కాల్చోమెర్కాతో, అంటే ఆటగాళ్ల అమ్మకాల కొనుగోళ్ల సీజన్, వేసవంతా సాగుతుంది. నిజానికి ఒప్పందం కొన్ని గంటల పని. దాని చుట్టూ పుకారు మాత్రం నెలల తరబడి ఉంటుంది. పొద్దున్నే గులాబీ రంగు కాగితం మీద అచ్చయ్యే గజ్జెట్టా దెల్లో స్పోర్ట్ చూస్తే 'దాదాపు ఖాయం'. మధ్యాహ్నం వెబ్‌సైటులో 'బేరం చెడింది'. రాత్రి 'మళ్లీ మాటలు మొదలు'. అది చదువుతూ నా సంగతే చదువుతున్నట్టు ఉండేది. నా రెన్యూవల్ మీద కూడా అలాంటి మాటలే తిరిగేవి. ఒకరు ఆర్డర్లు తగ్గాయంటారు. ఇంకొకరు జర్మనీ నుంచి పెద్ద ఆర్డరు వచ్చిందంటారు. ఎవరి దగ్గరా కాగితం లేదు.

నేను కొవ్వూరు కుర్రాణ్ణి. మెకానికల్ చదివి, 2021 సెప్టెంబరులో మాస్టర్స్ చెయ్యడానికి మిలాన్ వచ్చాను. నేను దిగే సమయానికి ఇంటర్ అభిమానులు దుఃఖంలో ఉన్నారు. అంతకుముందే మరో పెద్ద క్లబ్ జువెంటస్ తొమ్మిదేళ్ల ఏకఛత్రాధిపత్యాన్ని విరగ్గొట్టి ఇటలీ లీగ్ గెలిచారు. గెలిపించిన కోచ్ కొంతె వెళ్లిపోయాడు. మంచి ఆటగాళ్లు హకీమీని పారిస్ జట్టుకి, లుకాకుని చెల్సీకి అమ్మేశారు. చైనా యజమానులకి డబ్బు కటకట వచ్చింది. అప్పు చేసి క్లబ్ నడిపారు. 2024 మేలో ఆ అప్పు తీర్చలేక క్లబ్‌నే అప్పిచ్చిన అమెరికా సంస్థ ఓక్‌ట్రీకి వదులుకున్నారు. తాకట్టు పెట్టిన పొలం వడ్డీతో సహా పోయినట్టు.

నన్ను ఈ జట్టు వైపు లాగింది ఆ డబ్బులేని కాలమే. జేబు ఖాళీ అయినప్పుడు వీళ్లు వేరే దారి పట్టారు. ఇటాలియన్లో 'ఆ పరామెత్రో జేరో' అంటారు. పాత క్లబ్‌తో కాంట్రాక్టు పూర్తయిన ఆటగాణ్ణి కొనుగోలు ధర లేకుండా తెచ్చుకోవడం. చల్హానోలు పక్కింటి శత్రువు ఏసీ మిలాన్ నుంచి అలాగే వచ్చాడు. మ్ఖితార్యన్ రోమా నుంచి, మార్కుస్ తురామ్ జర్మనీ నుంచి, డి వ్రై అంతకుముందే లాజియో నుంచి. కాంట్రాక్టు అయిపోవడం అంటే మనిషి పనికిరాకుండా పోవడం అనుకునేవాణ్ణి నేను. ఈ జట్టులో కీలకమైనవాళ్లు కొందరు అలా వచ్చినవాళ్లే. వాళ్లతోనే మూడేళ్లలో రెండుసార్లు యూరప్ క్లబ్బుల అతి పెద్ద పోటీ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కి వెళ్లారు. 2023లో ఇస్తాంబుల్, 2025లో మ్యూనిక్. రెండూ ఓడారు, నిజమే. అయినా నాలుగు డబ్బులు పారేసి ఎవరినైనా తెచ్చుకోగల క్లబ్బులు ఎన్నో ఆ గుమ్మం దాకా రాలేదు.

ఇంకో కారణం పేరు. 1908 మార్చి 9న మిలాన్ క్లబ్ నుంచి కొంతమంది విడిపోయి దీన్ని పెట్టుకున్నారు. విదేశీ ఆటగాళ్లని కూడా తీసుకోవాలన్నది వాళ్ల పట్టుదల. అందుకే ఇంటర్నాజియోనాలె అన్నారు. ఊరి పేరు కాకుండా లోకం పేరు పెట్టుకున్న జట్టు. నేను ఈ దేశంలో చదువుతున్న రోజుల్లో బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా కూర్చోవడానికి ఇష్టపడని మనుషుల్ని చూశాను. అలాంటి రోజున ఆ పేరు వెనక కథ చదివి చాలాసేపు అలా ఉండిపోయాను.

మా ప్లాంటులో ప్యాకింగ్ మెషిన్లు తయారవుతాయి. నా పని అసెంబ్లీ లైన్లో బిగింపులు, అలైన్‌మెంట్, టెస్టింగ్. చదువు ఇంజనీరింగే అయినా రోజంతా చేతిలో పానా, స్క్రూడ్రైవర్. దీనికి ఇక్కడ ఒక పాత లెక్క ఉంది. మిలాన్ యాసలో ఏసీ మిలాన్ అభిమానుల్ని 'కషావిత్' అనేవారు. స్క్రూడ్రైవర్లు, అంటే కూలి చేసుకు బతికేవాళ్లు. ఇంటర్ వాళ్లని 'బౌషా' అనేవారు. డబ్బున్న గొప్పల రాయుళ్లు. మా లైన్ పెద్దాయన ఏసీ మిలాన్ అభిమాని. నా చేతిలో స్క్రూడ్రైవర్ చూసి, "రగాత్సో, నువ్వు తప్పు గుడికి మొక్కుతున్నావు" అన్నాడు. రగాత్సో అంటే అబ్బాయి. ఆయన నాతో పనికి సంబంధం లేని మాట మాట్లాడటం అదే మొదలు. ఆ రోజు నుంచి కాఫీ మెషిన్ దగ్గర నాకూ ఒక చోటు దొరికింది. భాషా కోర్సులో బట్టీపట్టిన ఇటాలియన్ నోటి దగ్గర ఆగిపోయేది. ఆఫ్‌సైడా కాదా అని వాదించేటప్పుడు మాత్రం క్రియలన్నీ వాటంతట అవే దొర్లేవి.

2025 మే 6, మంగళవారం రాత్రి, బార్సిలోనాతో ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ రెండో మ్యాచ్. మొదటిది 3-3. ఇక్కడ ఇంటర్ రెండు కొట్టింది, వాళ్లు రెండూ తీర్చేశారు. 87వ నిమిషంలో రఫీన్యా గోల్‌తో ముందుకెళ్లారు. మర్నాడు ఆరింటికి షిఫ్టు. టీవీ కట్టేసి పడుకుందామనుకున్నాను. 93వ నిమిషంలో ఫ్రాన్సెస్కో అచెర్బి, వెనక కాపలా కాయాల్సిన డిఫెండర్, ప్రత్యర్థి గోలు ముందుకి ఎలా వచ్చాడో వచ్చి, తనకి అలవాటు లేని కుడికాలితో కొట్టాడు. అప్పటికి అతనికి 37 ఏళ్లు. వృషణాల క్యాన్సర్‌తో రెండుసార్లు పోరాడి నిలబడ్డ మనిషి. లాజియో నుంచి వస్తున్నప్పుడు ఇంటర్ అభిమానులు చాలామంది వద్దన్న మనిషి. 99వ నిమిషంలో ఫ్రత్తేసి నాలుగోది కొట్టాడు. మా గోల్‌కీపర్ సోమర్, బార్సిలోనా కుర్రాడు యమాల్ కొట్టినవి ఆపుతూనే ఉన్నాడు. రెండు మ్యాచ్‌లూ కలిపి 7-6, మేం ఫైనల్‌కి. కింది ఫ్లాటు ముసలావిడ చీపురుకర్రతో సీలింగ్ కొట్టలేదు. ఆవిడ కూడా కేకలు వేస్తోంది.

నిద్ర లేకుండా వెళ్లాను. పెద్దాయన ఏమీ అనకుండా నా కాఫీకి ఆయనే నాణెం వేశాడు.

మ్యూనిక్ గురించి ఎక్కువ రాయలేను. మే 31న ఫైనల్లో పారిస్ జట్టు చేతిలో 5-0. ఆ ఫైనల్ చరిత్రలో అంత తేడాతో ఎవరూ ఓడలేదు. జూన్ 2 ఇటలీ రిపబ్లిక్ డే సెలవు కాబట్టి మంగళవారం దాకా ఎవరికీ ముఖం చూపించక్కర్లేకపోయింది. అక్కడ కనపడిన సత్యం ఒకటే. మా వాళ్లు అలసిపోయారు. నేను ప్రేమించిన ఆ పాతవాళ్ల కాళ్లలో పరుగు అయిపోయింది. అంతకు వారం ముందే ఇటలీ లీగ్ కూడా ఒక్క పాయింటు తేడాతో నేపుల్స్ జట్టుకి పోయింది. కోచ్ సిమోనె ఇంజాగి సౌదీకి వెళ్లిపోయాడు. అమెరికాలో క్లబ్ ప్రపంచకప్‌లో బ్రెజిల్ జట్టు ఫ్లుమినెన్సె చేతిలో ఓడాక కెప్టెన్ లవుతారో బాహాటంగానే అన్నాడు, ఉండేవాళ్లు ఉండండి, లేకపోతే వెళ్లిపోండి అని. ఆ మాట చల్హానోలుకే అని క్లబ్ అధ్యక్షుడు మరోత్తా చెప్పేశాడు. ఇంకేం, టర్కీ క్లబ్ గలతసరాయ్‌కి వెళ్తున్నాడని వేసవంతా పుకార్లు.

కొత్త కోచ్‌గా క్రిస్టియన్ కీవు పేరు వచ్చినప్పుడు మిలాన్ అంతా పెదవి విరిచింది. పెద్ద లీగ్‌లో జట్టు నడిపిన అనుభవం పార్మా అనే చిన్న క్లబ్‌లో 13 మ్యాచ్‌లేనని. మా ప్లాంటులో మాత్రం ఒక మనిషి ఆ మాటలకి లోపల్లోపల ఉడికిపోయాడు. ఆయన వెల్డరు, రొమేనియావాడు, ఇరవై ఏళ్లుగా ఇక్కడ. కీవు కూడా రొమేనియావాడే. ఇటలీలో విదేశీయుల్లో అందరికంటే ఎక్కువమంది రొమేనియన్లే. ఎక్కడ చూసినా కనిపిస్తారు, ఇల్లు కట్టే చోట, ముసలివాళ్లని చూసుకునే చోట, లారీ మీద. గొప్ప కుర్చీలో మాత్రం తక్కువ. కీవు 2010లో తల పగిలి, ఆపరేషన్ అయ్యి, హెల్మెట్ లాంటిది పెట్టుకుని మళ్లీ ఆడి, అదే ఏడాది ఇంటర్‌తో లీగ్, ఇటలీ కప్పు, ఛాంపియన్స్ లీగ్ మూడూ గెలిచాడు. వెల్డరు తన మాస్కు పైకెత్తి, నుదుటి మీద వేలు పెట్టి చూపించి, "అనుభవం ఇక్కడుంది" అన్నాడు నాతో. చుట్టూ ఉన్న ఇటాలియన్లతో అనలేదు. నాతోనే అన్నాడు. ఎందుకో నాకు అర్థమైంది.

ఇక లుక్‌మన్ విషయంలో నా మాట. రాకపోవడమే మంచిదైంది. అతని ఆట అంటే నాకెంతో ఇష్టం, అయినా ఇదే మాట. ఈ జట్టుకి కావలసింది అయిదు కోట్ల మనిషి ఒక్కడు కాదు, పరిగెత్తే కొత్త కాళ్లు నాలుగైదు. ఆ వేసవి తెచ్చిన సూచిచ్, బోన్నీ, లుయిస్ హెన్రికె, దియూఫ్ నలుగురికీ 24 నిండలేదు. సొంత అకాడమీలో పెరిగిన పియో ఎస్పోజితో, 2005లో పుట్టిన కుర్రాడు, రెండో డివిజన్లో స్పెజియాకి గోల్స్ కొట్టి తిరిగొచ్చాడు. వాళ్లు పాతవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోవాలి. పాతవాళ్లు మెల్లగా చోటివ్వాలి. దానికి కొన్ని ఓటములు పడతాయి. పడనివ్వండి.

పడ్డాయి కూడా. ఆగస్టు 25న ప్లాంటు తెరిచిన రోజే టొరినో మీద 5-0. ఇంక తిరుగులేదనుకున్నాం. తర్వాతి ఆదివారం సొంత మైదానంలో ఉదినెసె చేతిలో ఓటమి. మర్నాడు ట్రాన్స్‌ఫర్ మార్కెట్ మూసేశారు. లుక్‌మన్ రాలేదు. వచ్చింది మాంచెస్టర్ సిటీ నుంచి అరువు మీద డిఫెండర్ అకాంజి. సెప్టెంబరు 13న జువెంటస్‌తో 4-3 ఓటమి. వెళ్లిపోతాడన్న చల్హానోలు ఆ మ్యాచ్‌లో రెండు గోల్స్ కొట్టాడు. మూడు మ్యాచ్‌లకి మూడే పాయింట్లు. టీవీలో అప్పుడే కీవు కుర్చీ గురించి మాట్లాడుతున్నారు. వెల్డరు కాఫీకి రావడం మానేశాడు.

నేను ఆ వారంలో ధైర్యం చేసి ఆఫీసుకి వెళ్లి అడిగాను. చట్టం ప్రకారం మొదటి 12 నెలలు కారణం చెప్పకుండా తాత్కాలిక కాంట్రాక్టు ఇవ్వొచ్చు. దాటితే కారణం రాయాలి, అదీ 24 నెలల దాకానే. అందుకే చాలాచోట్ల ఏడాది కాగానే మనిషిని మార్చేస్తారు. చూసి చెబుతామన్నారు. చూసి చెబుతామన్న మాట నేను అప్పటికి నాలుగుసార్లు విన్నాను. రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. అమ్మకి చెప్పకుండా ఉందామనుకున్నాను గానీ నా గొంతులో టెన్షన్ ఆవిడకి తెలిసిపోతుంది. ఉద్యోగం మాట దాటెయ్యడానికి లుక్‌మన్ కథ మొత్తం చెప్పాను.

ఆమ్‌స్టర్‌డామ్‌లో అయాక్స్ మీద 2-0. తర్వాత ససువోలో మీద కూడా గెలుపు. సెప్టెంబరు 26, శుక్రవారం, షిఫ్టు ముగిసే ముందు పిలిచి కాగితం చేతిలో పెట్టారు. ఇంకో 12 నెలలు. శాశ్వతం కాదు. సంతకం పెట్టి బయటికి వస్తే పెద్దాయన పానాలు సర్దుతూ తల ఎత్తి చూశాడు. ఒక వేలు చూపించాను, ఏడాది అని. ఆయన రెండు చేతులూ పైకెత్తాడు, గోల్ పడ్డట్టు. మర్నాడు కాల్యారిలో పియో ఎస్పోజితో లీగ్‌లో తన మొదటి గోల్ కొట్టాడు.

30వ తేదీ రాత్రి వెల్డరూ నేనూ సాన్ సిరో స్టేడియానికి వెళ్లాం, స్లావియా ప్రాగ్‌తో మ్యాచ్‌కి. లైలాక్ రంగు మెట్రో లైన్ నేరుగా స్టేడియం దగ్గర దింపుతుంది. అదే రోజు తెల్లవారుజామున నగర కౌన్సిల్ సాన్ సిరోని అక్కడ ఆడే ఇంటర్, ఏసీ మిలాన్ రెండు క్లబ్బులకీ అమ్మడానికి ఓటేసింది, 19.7 కోట్ల యూరోలకి. పక్కన కొత్త స్టేడియం కట్టి 1926 నాటి దీన్ని చాలావరకు కూల్చేస్తారట. ఆ గుండ్రటి టవర్ల ర్యాంపుల మీద మెలికలు తిరుగుతూ పైకి ఎక్కుతుంటే వెల్డరు గోడని అరచేత్తో రాసుకుంటూ నడిచాడు. తన కొడుకుని చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని ఈ ర్యాంపే ఎక్కానన్నాడు. 3-0 గెలిచాం. మూడో గోల్ పడ్డాక కెమెరా కీవు ముఖం చూపిస్తే వెల్డరు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు, చుట్టుపక్కల అందరికీ కనిపించేలా.

ఇంటికి చేరేసరికి కొవ్వూరులో తెల్లవారుజాము. అమ్మ ఫోను చేసింది.

"ఏరా నాన్నా, ఇంకా పడుకోలేదా? ఆ అబ్బాయి సంగతి ఏమైంది?"

"ఏ అబ్బాయమ్మా?"

"అదేరా, వాళ్లు పంపం అంటున్నారు, వీడు పోతానంటున్నాడు అన్నావే."

పాత క్లబ్బులోనే ఉన్నాడని, మళ్లీ వాళ్లతోనే ప్రాక్టీసు చేస్తున్నాడని చెప్పాను.

"పోనీలే పాపం. తిన్నావా?"

తిన్నానన్నాను. తినలేదు. పొయ్యి మీద నీళ్లు పెట్టాను. ఆరింటికి షిఫ్టు.