ఆషాఢం తగ్గింపుల్లో ఒక్క చీరా కొనకుండా గడిపిన 29 రోజులు

ఆషాఢ అమావాస్య నిన్నటితో వెళ్లింది. 2025 జూన్ 26 నుంచి జూలై 24 వరకు, విజయవాడలోనే ఉంటూ, బడికి వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ బీసెంట్ రోడ్డు దాటుతూ, నేను ఒక్క చీర కూడా కొనలేదు. ఈ మాట రాయగలగడం నాకు నిజంగా గర్వంగా ఉంది.

ఈ పట్టుదలకు కారణం పోయిన దసరా. అప్పుడు ఒక ఫోను, ఒక మిక్సీ, నాలుగు చీరలు కార్డు మీద వాయిదాల్లో తీసుకున్నాను. వడ్డీ లేని వాయిదాలన్నారు. తర్వాత బిల్లు వరుసగా చదివితే, బ్యాంకు వడ్డీ వేస్తూనే ఉందనీ, ఆ మేరకు వస్తువు ధరలో ముందే తగ్గించి చూపారనీ, ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ మాత్రం నెలనెలా నేనే కడుతున్నాననీ తెలిసింది. సున్నా వడ్డీ అన్నదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టంగా చెప్పిందని మా బడిలో లెక్కల మాస్టారు చెప్పేవరకు నాకు తెలియదు. చివరి వాయిదా జూన్‌లో తీరింది. ఆ రోజే నిర్ణయం తీసుకున్నాను.

ఫోనులో కొనుగోలు యాప్‌లు తీసేయడం, దాచి ఉంచిన కార్డు వివరాలు తొలగించడం, దుకాణాల సందేశాలు ఆపేయడం ఒక్క సాయంత్రంలో అయిపోయాయి. జ్యేష్ఠంలోనే రెండు మూడు దుకాణాలకు వెళ్లి, నాకు నచ్చే రకం చీరల ధరలు చిన్న పుస్తకంలో రాసుకున్నాను. ఇది ఎవరైనా చేయగలిగిన పనే.

అసలు పరీక్ష మా ఆడపడుచుతో వచ్చింది. ఆషాఢమంతా ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మకు సారె సమర్పించడానికి ఊరూరి నుంచి బృందాలు వస్తాయి. వాళ్ల ఊరి వారితో కలిసి వచ్చిన మా వదిన, దర్శనం కాగానే, "అమ్మాయ్, ఇంతదూరం వచ్చాను, ఒక్క గంట దుకాణానికి తోడు రా" అంది. కాదనలేకపోయాను. చెప్పులు విప్పి ఆ తెల్లని పరుపు మీద కూర్చోవడమే నేను చేసిన తప్పు. కూర్చోగానే చల్లని మజ్జిగ ఇచ్చారు. "చూడ్డానికి డబ్బులేం తీసుకోం మేడం" అంటూ ఆ కుర్రాడు ఒకదాని మీద ఒకటి విప్పుతూ పోయాడు. అరగంటలో వదిన రెండు తీసుకుంది. తర్వాత అతను నా వైపు తిరిగి, ముదురాకుపచ్చ అంచున్న పట్టుచీర ఒకటి నా భుజం మీద వేసి అద్దం ముందు నిలబెట్టాడు. చీర చాలా బాగుంది. చీటీ మీద 6,400 కొట్టేసి, 40 శాతం తగ్గింపుతో 3,840 అని ఉంది. నా పుస్తకం తీసి చూశాను. అదే దుకాణంలో, అదే రకం చీర, జ్యేష్ఠంలో ఏ తగ్గింపూ లేకుండా 3,650. ఆ మాట అతనికి మెల్లగా చెప్పాను.

అంతలో పైన చూసుకునే పెద్దమనిషి వచ్చి, అందరికీ వినిపించేలా, "లెక్కలు రాసుకుని చీరలు కొనేవాళ్లు ఫుట్‌పాత్ మీద చూసుకోవాలమ్మా, ఇంతసేపు మా కుర్రాడి టైము తీయకూడదు" అన్నాడు. పరుపు మీదున్న ఆడవాళ్లందరూ తల తిప్పి చూశారు. నా చెవులు వేడెక్కాయి. వదిన నా చెయ్యి నొక్కి, "ఇన్ని విప్పించాక ఊరికే లేస్తే ఏం బాగుంటుంది, ఒక్కటి తీసుకో" అంది. డబ్బు నా సంచిలోనే ఉంది. ఆ క్షణంలో తీసి ఇచ్చి ఉంటే, ఆ 3,840 రూపాయలూ ఆ చూపులు నా మీద నుంచి తొలగడానికి కట్టినవే అయ్యేవి. చీర భుజం మీద నుంచి తీసి, మడత పెట్టడంలో ఆ కుర్రాడికి ఒక చెయ్యి వేసి, "బాబూ, నీ శ్రమకు ఏమీ అనుకోకు" అని చెప్పి లేచాను. చెప్పులు వేసుకునేటప్పుడు కాళ్లు వణికాయి. ఆటోలో వదిన ఇంటిదాకా మాట్లాడలేదు.

ఆన్‌లైన్ అమ్మకాల్లో కొనుగోలుదారును సిగ్గుపరిచి కొనిపించడాన్ని 2023 నవంబరు 30న వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు మోసపు పద్ధతుల్లో ఒకటిగా చేర్చాయి. "ఇంకా రెండే మిగిలాయి" అని లేని తొందర పెట్టడమూ ఆ జాబితాలో ఉంది. పరుపు మీద కూర్చోబెట్టి మనిషిని చిన్నబుచ్చడం అంతకన్నా తక్కువ తప్పని నేను అనుకోను. పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడి పనిచేసే ఆ కుర్రాడి శ్రమను మన మొహమాటానికి ఎరగా వాడుకునే యజమానులంటే నాకు కోపం.

వెళ్లక తప్పకపోతే నిలబడే చూడండి, మజ్జిగ కూడా తాగకండి. బంధువులతో వెళ్లకండి, మరీ ముఖ్యంగా అత్తవారి వైపు వారితో. కిలోల లెక్కన అమ్మేచోట రాళ్లూ పూసలూ కుట్టిన చీర బరువు తూగుతుందని గుర్తుంచుకోండి.

వదిన నాలుగు రోజుల తర్వాత ఫోను చేసి మామూలుగానే మాట్లాడింది. ఆగస్టు 8న వరలక్ష్మీ వ్రతం. బీరువాలో మూడేళ్లుగా మడత విప్పని వెంకటగిరి చీరకు ఫాల్ కుట్టమని ఈ ఉదయమే మా వీధి చివర దర్జీకి ఇచ్చి వచ్చాను. 120 రూపాయలు అడిగాడు.