అనుమానానికి కొలత

ఇంగ్లాండులో ఒక కౌంటీ పోలీసు శాఖలో ఇంటెలిజెన్స్ అనలిస్టుగా పనిచేస్తున్నానని చెబితే, రాజోలు చుట్టుపక్కల ఉన్న మా బంధువుల్లో కొందరు నన్ను పోలీసు అనుకుంటారు, మరికొందరు అదీ ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే అనుకుంటారు. నాకు యూనిఫారం లేదు, ఎవరినీ అరెస్టు చేసే అధికారమూ లేదు. అక్కడి లెక్కలో నేను పోలీస్ స్టాఫ్‌ను మాత్రమే. నమోదైన కేసులు, కానిస్టేబుళ్లు రాసి పంపే కబుర్లు, ఇన్ఫార్మర్ల మాటలు, ఫోన్ కాల్ రికార్డులు ఒకచోట పెట్టుకుని చదివి, ఏ ప్రాంతంలో ఏ నేరం ఎందుకు పెరుగుతోందో, దాని వెనక ఎవరుండవచ్చో, ఇక మీదట ఏం జరగవచ్చో తేల్చి, ఉన్న కొద్దిమంది సిబ్బందిని ఎక్కడ పెట్టాలో అధికారులు నిర్ణయించుకునేలా రాసివ్వడం నా పని. జీతం ఐటీ వాళ్లతో పోల్చుకునేది కాదు కనుక మా వైపు దీని గురించి ఆరా తీసేవాళ్లు తక్కువ. ఈ సంక్రాంతికి వచ్చినప్పుడు మాత్రం, భీమవరంలో స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేస్తున్న మా అన్నయ్య కూతురు, ఈ పనిలోకి రావాలంటే ఏ కోర్సు చేయాలని పట్టుబట్టి అడిగింది. పక్కనే మా మేనమామ ఉన్నారు. ఆయన జిల్లా క్రైమ్ రికార్డ్స్ బ్యూరోలో, అందరూ డీసీఆర్‌బీ అనే చోట, చాలాకాలం పనిచేసి ఏఎస్సైగా రిటైరయ్యారు. ఇద్దరికీ కలిపి చెప్పిన జవాబునే ఇక్కడ కొంచెం సర్ది రాస్తున్నాను.

కోర్సు అనగానే అమ్మాయి మనసులో మెదిలింది సాఫ్ట్‌వేర్. అది లేదని కాదు. 1990లో కేంబ్రిడ్జ్‌లో మొదలైన ఐ2 అనే సంస్థ తయారుచేసిన అనలిస్ట్స్ నోట్‌బుక్‌లో మనుషులకీ ఫోన్లకీ బండ్లకీ మధ్య గీతలు గీయడం, మ్యాపు మీద నేరాలు గుర్తించడం, ఎక్సెల్‌తో కుస్తీ పట్టడం అందరికీ నేర్పుతారు, చురుకైన పిల్లలకు అవి కొద్ది వారాల్లోనే పట్టుబడతాయి. నాకు ముందుగా నేర్పింది మాత్రం ఒక ఫారం నింపడం. బ్రిటన్ పోలీసులు దాన్ని త్రీ ఫైవ్ టూ అంటారు. కబురు తెచ్చినవాడు నమ్మదగినవాడా, ఇంకా పరీక్షించి చూడనివాడా, నమ్మరానివాడా అన్నది మూడు మెట్లు. ఆ కబురు అతను స్వయంగా తెలుసుకున్నదా, ఒకరి ద్వారా తెలిసినా మరో ఆధారంతో సరిపోయిందా, కేవలం ఒకరి ద్వారా తెలిసిందా, ఎలా తెలిసిందో తెలియనిదా, అబద్ధమని అనుమానించదగినదా అన్నది ఐదు మెట్లు. దాన్ని ఇతరులతో పంచుకోవడానికి షరతులున్నాయా లేవా అన్నది చివరి రెండు. మనిషిని వేరుగా, మాటను వేరుగా తూచడమే ఇందులోని కీలకం. ఎంత నమ్మకస్థుడైనా చెప్పుడు మాట మోసుకు రావచ్చు, పచ్చి దొంగ కూడా కళ్లారా చూసింది చెప్పవచ్చు.

ఇది చెబుతుండగానే మావయ్య అందుకున్నారు. "దానికంత ఫారం ఎందుకమ్మా? మన పక్క ఊళ్లో ఒక ఏజెంటు ఉన్నాడు. కువైట్‌లో ఇంటిపని అని ఆడవాళ్ల దగ్గర డబ్బు గుంజి, విజిట్ వీసా మీద దుబాయ్‌లో దింపేస్తున్నాడు. ఊరందరికీ తెలిసిందే."

"మీకు ఎవరు చెప్పారు మావయ్యా?"

"కొబ్బరి దింపు తీసే కుర్రాడు చెప్పాడు."

"అతనికెలా తెలిసిందండి?"

"వాళ్ల పెద్దమ్మ కోడలు అలాగే వెళ్లి ఇరుక్కుపోయిందట."

"ఆవిడతో ఇతను మాట్లాడాడా?"

మావయ్య కాసేపు ఆలోచించి, "లేదనుకుంటా, పెద్దమ్మే చెప్పుంటుంది" అన్నారు. ఊరందరికీ తెలిసిన సంగతి ఆ మూడు ప్రశ్నలతో, ఇంకా పరీక్షించి చూడని ఒక మనిషి ఒకరి ద్వారా విన్న సంగతిగా మారిపోయింది. ఆయనకు కొంచెం కష్టం తోచింది. మనిషి మొహం చూసి నిజమేదో చెప్పగలిగినవాణ్ణి, నాకు మార్కులు వేయడమేమిటన్నారు. ఆ ఏజెంటు మోసగాడే అయి ఉండవచ్చు, మావయ్య అంచనా సరైనదే కావచ్చు. అయితే ఆ కాగితాన్ని రేపు మరో జిల్లాలో చదివే అధికారికి కుర్రాడి మొహమూ కనబడదు, మావయ్య అనుభవమూ కనబడదు. కనబడేది రాత ఒక్కటే.

తూచిన కబుర్లను కలిపి ఒక అంచనాకు వచ్చాక, దాన్ని ఏ మాటల్లో చెప్పాలన్నది రెండో పాఠం. దీనికి పాత కథ ఒకటి క్లాసులో చెబుతారు. 1951లో యుగోస్లావియా మీద దాడి జరిగే 'గట్టి అవకాశం' ఉందని అమెరికా గూఢచార విభాగం ఒక నివేదికలో రాసింది. అంటే నూటికి ఎంత అని తరవాత ఆ విభాగంలోనే పనిచేసిన షెర్మన్ కెంట్ ఆ నివేదిక రాసిన తన సహచరులనే అడిగితే, ఒకరి మనసులో 20 ఉంది, మరొకరి మనసులో 80 ఉంది. అందరూ కలిసి ఒప్పుకుని సంతకం పెట్టిన మాట అది! ఇరాక్ ఆయుధాల విషయంలో జరిగిన పొరపాట్ల మీద 2004లో బట్లర్ కమిటీ నివేదిక ఇచ్చాక, బ్రిటన్‌లో ఈ విశ్లేషణ పనికి ప్రభుత్వంలో ఒక అధిపతి పదవి ఏర్పడింది, అంచనా మాటలకు ఒక కొలబద్ద కూడా వచ్చింది. నేను 'జరిగే అవకాశమే ఎక్కువ' అనే అర్థంలో వాడే మాట రాస్తే అది 55 నుంచి 75 శాతం మధ్య ఉన్నట్టు, 'దాదాపు ఖాయం' అని రాస్తే 95 దాటినట్టు. నా ఇష్టం వచ్చిన మాట వాడే వీలు లేదు.

మేనకోడలికి ఇది అతి అనిపించింది. నాకు మాత్రం గోదారి ఒడ్డున పుట్టినవాళ్లకు ఇందులో కొత్తేమీ లేదనిపిస్తుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. వరద ఎక్కువగా ఉందని, చాలా ఎక్కువగా ఉందని ఎవరి భాషలో వారు చెబితే లంక గ్రామాల వాళ్లు సామాను ఎప్పుడు సర్దుకోవాలి, పడవలు ఎక్కడికి పంపాలి? హెచ్చరిక అంకెకు కట్టుబడి ఉంది కాబట్టే కలెక్టరు నుంచి పశువుల కాపరి వరకు ఒక్క మాటకు ఒక్కటే అర్థం చెప్పుకుంటున్నారు. పోలీసు సూపరింటెండెంటు నా నివేదిక చదివి ఇరవై మందిని రాత్రి డ్యూటీకి పంపేదీ అలాంటి మాట మీదే.

శిక్షణలో నాకు అన్నింటికంటే కష్టమైనది, మనసుకు నచ్చిన ఊహను పట్టుకుని వేళ్లాడకుండా ఉండడం. వరుస ఇళ్ల దొంగతనాల మీద ఒక కల్పిత కేసు ఇచ్చారు. కిటికీ తెరిచిన తీరు, మధ్యాహ్నం వేళ, పోయినవన్నీ నగలే కావడం, ఆ ప్రాంతంలోనే ఈమధ్యే జైలు నుంచి వచ్చిన ఒక మనిషి. క్లాసులో దాదాపు అందరం ఆ మనిషినే అనుమానించాం. అప్పుడు సీఐఏలో పనిచేసిన రిచర్డ్స్ హ్యూయర్ రూపొందించిన పద్ధతిలో పట్టిక గీయించారు. అడ్డంగా ఊహలు: అతనే చేశాడు, బయటి ముఠా చేసింది, ఇళ్లలో మరమ్మతు పనులకు వచ్చినవాళ్లు చేశారు, అసలు ఇవన్నీ ఒకరి పని కాదు. నిలువుగా ఆధారాలు. ఒక్కో ఆధారం ఏ ఊహకు ఎదురు తిరుగుతోందో మాత్రమే గుర్తు పెట్టమన్నారు, ఏ ఊహను బలపరుస్తోందో కాదు. మేము బలమైనవనుకున్న ఆధారాల్లో చాలావరకు నాలుగు ఊహలతోనూ పొసిగాయి, అంటే దేన్నీ తేల్చలేదు. దొంగతనాలు రెండు బస్సు మార్గాల పొడవునా ఉండడం అనే చిన్న సంగతి ఒక్కటే జైలు నుంచి వచ్చిన మనిషికి ఎదురు తిరిగింది, అతని ఇల్లు ఆ రెండింటికీ దూరం.

కబురు ఉన్నా అది చేరవలసిన చోటికి చేరకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంగ్లాండులోని సోహమ్ అనే ఊళ్లో జరిగిన కేసును ఉదాహరణగా పెడతారు. 2002లో ఇద్దరు బాలికలను చంపినవాడి మీద అంతకుముందు మరో కౌంటీలో వచ్చిన ఆరోపణలు, అతన్ని బడిలో ఉద్యోగానికి తీసుకున్న చోటికి చేరలేదు. ఆ కేసు మీద జరిగిన బిచర్డ్ విచారణ తరవాత, 2011 నాటికి గాని ఇలాంటి కబుర్లను అన్ని పోలీసు శాఖలూ పంచుకునే జాతీయ డేటాబేస్ రాలేదు.

దీనికి అవతలి వైపు కూడా ఉంది, మావయ్యతో ఎక్కువసేపు వాదన నడిచింది దాని మీదే. లండన్ పోలీసులు 2012లో గ్యాంగ్స్ మ్యాట్రిక్స్ అనే జాబితా మొదలుపెట్టి, ముఠాల్లో ఉన్నారనుకున్న యువకులకు మార్కులు వేశారు. ముఠాల చేతిలో దెబ్బలు తిన్న బాధితులకూ నేరస్థులకూ అందులో స్పష్టమైన తేడా లేదని, సమాచార రక్షణ చట్టాన్ని ఉల్లంఘించారని 2018లో సమాచార కమిషనర్ కార్యాలయం తేల్చింది. 2024లో జాబితానే ఎత్తేశారు. మావయ్య తన రౌడీషీట్లను వెనకేసుకొచ్చారు, అవి లేకపోతే పండగల్లో పోలీసు పని నడవదన్నారు. సరే, షీటు తెరవడానికి కారణం రాస్తారు, మూసేయడానికి ఎప్పుడు ఎవరు చూస్తారండి అంటే ఆయన నవ్వి ఊరుకున్నారు. 1871లో మొదలైన నేరస్థ జాతుల చట్టం 1952 నాటికి దేశమంతటా రద్దయినా స్టువర్టుపురం పేరుకు అంటిన మచ్చ తరాల పాటు వదలలేదన్న సంగతి తెలిసిన తెలుగువాళ్లం, పోలీసులు ఎక్కడ ఎక్కువ వెతికితే అక్కడే ఎక్కువ నేరాలు నమోదవుతాయన్న మాటను క్లాసులో కూర్చుని నేర్చుకోవలసిన అవసరం ఉండకూడదు. ఉందనేది వేరే సంగతి.

కోర్సులు అయిపోయాక నేర్చుకోవడం ఎలా అన్న ప్రశ్నకు నా దగ్గర అంత మంచి జవాబు లేదు. అక్కడి పోలీసుల శిక్షణ చూసే కాలేజ్ ఆఫ్ పోలీసింగ్ వాళ్ల కార్యక్రమంలో, పని చేస్తూనే ఒక్కో నైపుణ్యానికి మన నివేదికల నుంచి రుజువులు కూడగట్టి చూపించాలి. అమెరికాలో మొదలైన రెండు అనలిస్టుల సంఘాలు, ఒకటి 1980 నాటిది, ఒకటి 1990 నాటిది, శిక్షణలూ ధ్రువపత్రాలూ ఇస్తాయి. కానీ బడ్జెట్ తగ్గినప్పుడు ముందు కోత పడేది శిక్షణ మీదే. నేను మొదట పనిచేసిన చోట, సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు వచ్చి మధ్యాహ్నం చూపించిన డెమోను మా వార్షిక శిక్షణ కింద రాసుకున్నారు. నిజానికి నన్ను తయారుచేసింది, నా ప్రతి నివేదికనూ ఎర్ర సిరాతో చదివి, ఇది నీకెలా తెలుసని మార్జిన్‌లో రాసిన ఒక సీనియర్ అనలిస్టు.

పరాయి దేశం నుంచి వెళ్లినవాళ్లకు మరో శిక్షణ కూడా అవసరమవుతుంది, దాన్ని ఎవరూ ఏ కోర్సులోనూ పెట్టరు. పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని పెరిగిన మనిషి, సిబ్బందికి పనులు పంచే టాస్కింగ్ మీటింగులో నిండా స్టార్లున్న అధికారి ముందు నిలబడి, మీరు అనుకుంటున్నది ఈ ఆధారాలతో నిలవదు అని రెండు నిమిషాల్లో చెప్పాలి. మొదట్లో నేను అంత సూటిగా చెప్పలేక చుట్టూ తిప్పి చెబుతుంటే, నాకు సంగతి రూఢిగా తెలియదేమోననుకునేవారు. మర్యాద గొంతులో ఉంచుకుని, వాక్యంలోంచి తీసేయడం అలవాటు కావడానికి చాలాకాలం పట్టింది.

ఇక్కడే ఉండి ఇదంతా చేయవచ్చు కదా అన్నది మేనకోడలి చివరి ప్రశ్న. పోలీస్ స్టేషన్లను కంప్యూటర్లతో కలపడానికి కేంద్రం 2009లో మంజూరు చేసిన సీసీటీఎన్‌ఎస్ వల్ల ఎఫ్‌ఐఆర్‌లన్నీ కంప్యూటర్లలో ఉన్నాయి కాబట్టి కోనసీమ ఏజెంట్ల మోసాల మీద తనే ఒక విశ్లేషణ చేస్తానంది. దీనికి జవాబు నాకంటే మావయ్యకే బాగా తెలుసు. అలాంటి ఫిర్యాదు వస్తే స్టేషన్లో మోసం కిందే రాస్తారు. అప్పట్లో 420, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318. చిట్టీల మోసం, స్థలాల మోసం, వీసా మోసం అన్నీ ఆ ఒక్క సెక్షన్లోనే కలిసిపోతాయి. విదేశీ ఉద్యోగాలకు పంపేవాళ్లకు రిజిస్ట్రేషన్ ఉండాలన్న 1983 ఎమిగ్రేషన్ చట్టాన్ని కూడా జోడిస్తే తప్ప ఆ కేసులు విడిగా బయటపడవు. ఏజెంటు ఫోన్ నంబరు, డబ్బు పడిన ఖాతా, విమానం ఎక్కిన ఊరు ఫిర్యాదు కథనంలో ఎక్కడో మధ్యలో ఉంటాయి తప్ప వాటికి విడి గడి ఉండదు. అందుకని ఆ అమ్మాయికి ఏ కోర్సు పేరూ చెప్పకుండా, పత్రికల్లో వచ్చిన గల్ఫ్ మోసాల వార్తలు పోగుచేసి, ఒక్కోదానికి ఆ మూడు గడులూ నింపి, తెలియని చోట తెలియదని రాసి పంపమన్నాను. గడుల పేర్లు నిర్ణయించే పని మావయ్య తీసుకున్నారు. నాలుగో గడి ఒకటి ఉండాలని ఆయనే పట్టుబట్టారు: ఈ సంగతి ఎవరు చెప్పారు, వాళ్లకెలా తెలుసు.