ఒక్క అక్షరం మీద ఇరవై నిమిషాలు

మన కాలేజీ సంచికకు ఏదైనా రాయమని అడగ్గానే నాకు గుర్తొచ్చింది మన కంప్యూటర్ ల్యాబ్‌లో కిటికీ పక్కనున్న బోర్డు. మూడో సంవత్సరంలో ఒక సాయంత్రం మేం ఆరుగురం ఆ బోర్డు నిండా టాపిక్‌లు రాశాం. చోటు చాలక పక్కనున్న తలుపు మీద కూడా రాశాం. ల్యాబ్‌కి తాళం వేసే వేళకి నాలుగే మిగిలాయి. అందులో ఒకటి నాది.

సంగతేమిటంటే, ఒక ఓపెన్ సోర్స్ (ఎవరైనా చూసి మార్చుకోగల కోడ్) కాన్ఫరెన్స్ వాళ్లు టాక్‌లకు ప్రపోజల్స్ పంపమని ప్రకటన ఇచ్చారు. సార్ దాన్ని ప్రింట్ తీసి నోటీసు బోర్డుకి అంటించారు. మేమంతా చదివి ఊరుకున్నాం. అలాంటి చోట మాట్లాడేది పెద్ద పెద్ద ప్రాజెక్టులు నడిపేవాళ్లేనని మా నమ్మకం. గడువు పది రోజులుందనగా సార్ ల్యాబ్‌కి వచ్చి, "ఏమర్రా, ఒక్కరూ పంపలేదా?" అని అడిగారు. "చెప్పడానికి మా దగ్గర ఏముంది సార్?" అన్నాం. ఆయన వాదించలేదు. సుద్దముక్క మా చేతిలో పెట్టి, తోచిందల్లా రాయమన్నారు. ఒకరు రాసినదాన్ని ఇంకొకరు బాగాలేదనకూడదు, అప్పుడే చెరపకూడదు. అదొక్కటే షరతు.

మొదటి అరగంటలో వచ్చినవన్నీ పాఠ్యపుస్తకంలో అధ్యాయాల పేర్లే. లినక్స్ పరిచయం, గిట్ (కోడ్‌లో మార్పుల లెక్క ఉంచే సాధనం) అంటే ఏమిటి, ఓపెన్ సోర్స్ వల్ల లాభాలు. సార్ అన్నీ నిదానంగా చదివారు. "గిట్ వచ్చింది 2005లో. అప్పట్నుంచి దాన్ని పరిచయం చేసేవాళ్లకు కొదవలేదు. నువ్వే చెప్పాల్సింది ఏముంది అందులో?" అన్నారు. మేం నోరెత్తలేదు. అప్పుడు ప్రశ్న మార్చారు. "సరే, ఈ ఏడాది మిమ్మల్ని బాగా ఏడిపించిందేమిటి?"

ఆ ప్రశ్నతో బోర్డు కళే మారిపోయింది. ఒకడు ఒక ప్రాజెక్టుకి పంపిన ప్యాచ్‌ని, అంటే కోడ్‌లో దిద్దుబాటుని, రెండు నెలలు ఎవరూ పట్టించుకోలేదట, తర్వాత దాన్ని మూడు చిన్న ప్యాచ్‌లుగా విడగొట్టి పంపితే వారంలో తీసుకున్నారట. ఇంకొకామె ఒక ప్రోగ్రామ్‌ని ఇన్‌స్టాల్ చెయ్యడానికి రెండు రోజులు కొట్టుకుంది. సూచనల్లో ఒక అడుగు ఎగిరిపోయింది. రాసినవాళ్ల కంప్యూటర్‌లో అది ముందే అయిపోయి ఉంది కాబట్టి వాళ్లకి కనిపించలేదు. మరొకరికి జీపీఎల్ లైసెన్స్ (కలిపి పంచితే మొత్తం కోడ్‌నీ అవే షరతుల మీద ఇవ్వాలనేది) ఉన్న లైబ్రరీని, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్‌ని, తన ప్రాజెక్టులో కలిపితే ప్రాజెక్టు మొత్తానికి ఏమవుతుందో అర్థం కాక నిద్ర పట్టలేదు. ఇవన్నీ మాకు చాతకానితనంలా అనిపించి అప్పటిదాకా ఎవరికీ చెప్పుకోనివి. బోర్డు మీద పక్కపక్కన చూసుకున్నాక, ఇవే టాక్‌లని అర్థమైంది.

నా సంగతి "స్త్రీ" అనే అక్షరంతో వచ్చింది. మేం వాడుతున్న ఒక ప్రోగ్రామ్‌లో పొడుగాటి శీర్షికలను ఇరవై అక్షరాల దగ్గర కోసి మూడు చుక్కలు పెట్టేవాళ్లు. ఇంగ్లీషులో ఏ ఇబ్బందీ లేదు. తెలుగులో మాత్రం కొన్ని శీర్షికలు "స్త్" అని పొల్లుతో ఆగిపోయేవి. మనకి స్త్రీ ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి అది ఆరు కోడ్ పాయింట్లు (అన్ని లిపుల గుర్తులకూ నంబర్లిచ్చే యూనికోడ్ అనే ప్రమాణంలో ఒక్కో గుర్తు నంబరు): స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఆ నంబర్లని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటీ మూడు బైట్లు కాబట్టి మొత్తం పద్దెనిమిది. కోడ్ పాయింట్లు లెక్కపెట్టి కోస్తే అక్షరం విరుగుతుంది. బైట్లు లెక్కపెట్టి కోస్తే ఇంకా ఘోరం, నల్లటి డైమండ్‌లో ప్రశ్నార్థకం ప్రత్యక్షమవుతుంది. నేను దాన్ని సరిచెయ్యబోయి వారం రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. బోర్డు మీద మాత్రం "తెలుగు అక్షరాలు తెగిపోవడం" అని ఒక మూల చిన్నగా రాశాను.

సార్ నేరుగా ఆ మూలకే వచ్చి, నేను రాసినదాని చుట్టూ గీత గీశారు.

టాపిక్ దొరికాక పని సులువనుకున్నాను. అసలు కష్టం ప్రపోజల్ రాయడంలో ఉంది. నా మొదటి డ్రాఫ్ట్‌కి పెట్టిన పేరు "యూనికోడ్, భారతీయ లిపులు: ఒక సమగ్ర పరిశీలన". మొదటి వాక్యం, యూనికోడ్ మొదటి వెర్షన్ 1991లో వచ్చింది అని. సార్ ఎర్ర పెన్నుతో మొదటి పేరా మొత్తం కొట్టేసి, మార్జిన్‌లో "ఎవరికి?" అని ఒక్క మాట రాశారు. రెండో డ్రాఫ్ట్‌లోనూ అదే మాట, ఇంకాస్త పెద్ద అక్షరాల్లో. మూడోసారి నేను ఒక మనిషిని ఊహించుకున్నాను. తెలుగు రాదు, యూనికోడ్ నిపుణుడూ కాదు. తన ప్రోగ్రామ్‌లో శీర్షికలు కోసే ఫంక్షన్ ఒకటి రాసి మరిచిపోయినవాడు. అతని కోసం ఇలా రాశాను:

"మీ ప్రోగ్రామ్ నా అక్షరాన్ని ఎందుకు విరగ్గొట్టింది? వాక్యాన్ని ఇరవై అక్షరాల దగ్గర కొయ్యడం ఒక్క లైను పని అనిపిస్తుంది. ఆ ఒక్క లైను కోట్లమంది చదివే లిపిలో అక్షరాన్ని మధ్యకి నరుకుతుంది. ఒక నిజమైన బగ్‌ని మొదట్నుంచి చివరిదాకా చూపిస్తాను. మీరు బయటికి వెళ్లేటప్పటికి మీ కోడ్‌లో ఇలాంటి చోట్లు వెతకడం, వాటికి టెస్టులు రాయడం తెలుస్తుంది. యూనికోడ్ గురించి ముందే ఏమీ తెలిసుండక్కర్లేదు."

దాని కింద నిమిషాల లెక్క పెట్టాను. బగ్ చూపించడానికి నాలుగు, అక్షరం లోపల ఏముందో చెప్పడానికి ఆరు, సరిచేసిన విధానానికి ఏడు, ప్రశ్నలకు మూడు. ఈ లెక్క వేసేటప్పుడే, నేను చెబుదామనుకున్నదాంట్లో సగానికి చోటు లేదని తెలిసింది. ఫాంట్ల చరిత్ర మొత్తం తీసేశాను. ప్రాణం ఉసూరుమంది.

మా నాలుగు ప్రపోజల్స్‌లో ఒక్కటే తీసుకున్నారు, ఇన్‌స్టాల్ సూచనల మీదది. నాకు వచ్చిన మెయిల్‌లో రెండే వాక్యాలు. ఆ రాత్రి బాగా ఏడ్చాను. అయినా స్నేహితురాలి టాక్ వినడానికి అందరం వెళ్లాం. అక్కడ లైట్నింగ్ టాక్‌లని ఐదేసి నిమిషాల టాక్‌లున్నాయి. పేరు అప్పటికప్పుడు రాసుకోవచ్చు. మావాళ్లు నా పేరు రాసేశారు. టెన్షన్‌తో గొంతు వణుకుతుండగా స్లైడ్ మీద ఒక్క "స్త్రీ" పెట్టి, దాన్ని ఆరు ముక్కలుగా విడదీసి చూపించాను. కిందికి దిగాక ముగ్గురు వచ్చి లాప్‌టాప్‌లు తెరిచారు. ఒకరికి హిందీలో, ఒకరికి మలయాళంలో అదే బాధ. మూడో ఆయనకి ఎమోజీలతో వచ్చింది. నలుగురున్న కుటుంబం బొమ్మని కోస్తే అమ్మానాన్నలు మాత్రమే మిగులుతున్నారట. మరుసటి ఏడాది ప్రపోజల్‌లో నేను కొత్తగా చేర్చింది ఆ మూడు ఉదాహరణలే. ఈసారి తీసుకున్నారు. ఇరవై నిమిషాలు.

ఒక మాట ఇక్కడ చెప్పాలి. ఆ రోజుల్లో యూనికోడ్ నియమాల ప్రకారం సరిగ్గా లెక్కపెట్టినా స్త్రీ ఒక్కటిగా వచ్చేది కాదు, "స్", "త్", "రీ" అని మూడయ్యేది. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో ఆ నియమం మారింది. ఇప్పుడు తెలుగుతో పాటు మరికొన్ని భారతీయ లిపుల్లో సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా లెక్కపెట్టొచ్చు. ఆ మార్పు తెచ్చింది వేరేవాళ్లు. నేను మాత్రం ఆ పత్రం చదివి ఫోన్ తీసి సార్‌కి చేశాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇప్పుడు నేను ఏటా ప్రపోజల్స్ చదివే కమిటీలో ఉంటున్నాను. మొదటి విడతలో పంపినవాళ్ల పేర్లు మాకు కనిపించవు. అందువల్ల ఎవరు రాశారన్నది కాదు, ఏం రాశారన్నదే చూస్తాం. ఈమధ్య నున్నగా, తప్పుల్లేకుండా రాసినవి చాలా వస్తున్నాయి. పది చదివితే పదీ ఒకేలా ఉంటాయి. ఏ ఒక్కదాంట్లోనూ ఎవరి చెయ్యీ కాలిన గుర్తు కనిపించదు. వాటి మధ్య ఎక్కడో "మా టెస్టులు మంగళవారాలు మాత్రమే ఫెయిలయ్యేవి" అని మొదలయ్యే ప్రపోజల్ తగిలితే లేచి కూర్చుంటాను. చిన్న విషయమని వెనకాడేవాళ్లకి నేను ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ (ఫైళ్లని కుదించే) లైబ్రరీ ఉదంతం చెబుతుంటాను. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపర్, ఎస్ఎస్‌హెచ్ (దూరంలో ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని గమనించి వదలకుండా తవ్వితే, ఆ లైబ్రరీలో ఎవరో దాచిపెట్టిన దొంగదారి బయటపడింది. అర సెకను!

మన జూనియర్లకు తెలియాల్సింది ఇంకోటుంది. ప్రతి ఆలోచనా టాక్ అవ్వాలని లేదు. జవాబు లేని ప్రశ్న ఉంటే డెబ్‌కాన్ (డెబియన్ లినక్స్ వాళ్ల సమావేశం) లాంటి చోట బాఫ్ పెట్టుకోవచ్చు. అంటే స్లైడ్లు లేకుండా, ఆ విషయం మీద ఆసక్తి ఉన్నవాళ్లంతా ఒక గదిలో కూర్చుని మాట్లాడుకోవడం. బ్రస్సెల్స్‌లో జరిగే ఓపెన్ సోర్స్ సమావేశం ఫాస్‌డెమ్‌లో డెవ్‌రూమ్‌లని విడివిడి గదులుంటాయి. ఒక్కో గదిని ఆ విషయంలో పనిచేసేవాళ్లే నడుపుతారు, ప్రపోజల్స్ కూడా వాళ్లే పిలుస్తారు. ఒక గదిలో ఇమడని టాక్ ఇంకో గదికి సరిగ్గా సరిపోవచ్చు. అందుకని ప్రకటన రెండుసార్లు చదవండి, కిందటేడు ఏయే టాక్‌లు తీసుకున్నారో చూడండి. తిరస్కరించిన డ్రాఫ్ట్‌ని పారెయ్యకండి. నాది ఇప్పటికీ ఉంది, సార్ ఎర్ర పెన్నుతో రాసిన "ఎవరికి?"తో సహా.

సార్ రిటైరయ్యారు. ల్యాబ్‌లో ఆ బోర్డు తీసేసి తెల్లబోర్డు పెట్టారని విన్నాను. ఈ ఏడాది కూడా మీరు దాని ముందు కూర్చుంటున్నారట, చాలా సంతోషం. డ్రాఫ్టులు నాకు పంపండి. ఆదివారాలు చదివి, గడువుకి నాలుగు రోజుల ముందే తిప్పి పంపుతాను. పేరు ఇంకా కుదరకపోయినా ఫర్వాలేదు, ఎవరి కోసం చెబుతున్నారో మాత్రం మొదటి లైన్‌లో రాయండి.