పంది వెంట్రుకల బ్రష్షూ, మా కోనసీమ తేమా

మా కోనసీమలో రోజూ వాడే వస్తువు ఏది కొన్నా ముందు చూసుకోవాల్సింది అది తొందరగా ఆరుతుందా లేదా అని. జూలై వచ్చిందంటే ఉప్పు నీరు కారుతుంది, అప్పడాలు మెత్తబడతాయి, బీరువాలో మడతపెట్టిన బట్టలు ముక్కవాసన కొడతాయి. ప్లాస్టిక్ బ్రష్షూ, నురగ పేస్టూ మానేసి వేరేవి వాడి చూసినప్పుడు నా అభిప్రాయాలు సగం మార్చింది ఈ తేమే.

మానడానికి కారణం నోటిపూత. నాలుక అంచునో పెదవి లోపలో తెల్లగా ఒక పుండు లేచేది. పులుసన్నం ముద్ద పెట్టుకుంటే కళ్లలో నీళ్లు తిరిగేవి. బి కాంప్లెక్స్ మాత్రలు వాడినా పెద్దగా తేడా లేదు. అమలాపురంలో పళ్ల డాక్టరు గారు నోరు చూసి పేస్టు మార్చమన్నారు. నురగ కోసం కలిపే సోడియం లారిల్ సల్ఫేట్ కొందరికి పడదట. "నురగ ఎక్కువొస్తే పళ్లు ఎక్కువ శుభ్రపడ్డట్టు కాదమ్మా. డబ్బా వెనక ఆ పేరు లేనిది చూసి తీసుకోండి" అన్నారు. అలాంటి పేస్టు మొదలుపెట్టాక పుండ్లు బాగా తగ్గాయి. పరీక్ష పేపర్లు దిద్దే రోజుల్లో మాత్రం ఒకటి లేస్తుంది, అది పేస్టు వల్ల కాదు, టెన్షన్ వల్ల.

పేస్టు ఎలాగూ మారింది కదా అని బ్రష్షు జోలికీ వెళ్లాను. సహజమైన కుచ్చు అని అమ్మేవి చాలావరకు పంది వెంట్రుకలే. ఇదేమీ కొత్త ఫ్యాషన్ కాదు. చైనాలో వందల ఏళ్ల కిందటే అలాంటి బ్రష్షులు కట్టారు. ఇంగ్లండులో 1780 ప్రాంతంలో విలియం అడిస్ వాటిని పెద్ద ఎత్తున తయారు చేసి అమ్మాడు. 1938లో అమెరికాలో నైలాన్ కుచ్చు బ్రష్షు బజారులోకి వచ్చాకే పందులు ఊపిరి పీల్చుకున్నాయి.

అలాంటి పంది వెంట్రుకల బ్రష్షు ఒకటి ఆన్‌లైన్లో తెప్పించాను. "అమ్మాయ్, దాన్ని మాత్రం వంటింటి పంపు దగ్గర పెట్టకు" అన్నారు అత్తయ్యగారు. ఆమె పట్టింపు సంగతి అటుంచితే, అసలు ఇబ్బంది వాడుతుంటే తెలిసింది. పొడిగా ఉన్నప్పుడు గరుకు, తడిశాక మరీ మెత్తన. రెండు మూడు వెంట్రుకలు ఊడి పళ్ల సందుల్లో ఇరుక్కునేవి. వెంట్రుక నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి వానాకాలంలో పొద్దున్న తోముకున్న బ్రష్షు రాత్రికీ చెమ్మగానే ఉండేది, దగ్గర పెట్టుకుంటే తడి కుక్క వాసన. ఆరని కుచ్చులో క్రిములు నిలబడతాయి. నైలాన్ పోగు కొసను చిగుళ్లకు గుచ్చుకోకుండా గుండ్రంగా చేయగలరు, వెంట్రుకను అలా చేయడం కష్టం. పొడి గాలి ఉన్న ఊళ్లో ఏమో గానీ, కాలువ గట్టు మీది ఇంట్లో మాత్రం ఇది వద్దనే చెబుతాను.

తర్వాత వెదురు పిడి బ్రష్షు. ఇందులో కుచ్చు నైలానే, కొన్నింటిలో ఆముదం నుంచి తీసినదైనా సరే, అదీ నైలానే, మట్టిలో కలవదు. డబ్బా మీద ఆకు బొమ్మ చూసి మొత్తం బ్రష్షు కలిసిపోతుందనుకోనక్కర్లేదు. గ్లాసులో నిలబెడితే అడుగున నీళ్లు చేరి పిడి మొదలు నల్లబడింది. అప్పట్నుంచి రెండు బ్రష్షులు మార్చి మార్చి వాడుతున్నాను. తుడిచి, గాలి తగిలే కిటికీ దగ్గర వేలాడదీస్తే ఒకటి వాడే లోపు రెండోది ఆరుతుంది. పిడికి అప్పుడప్పుడూ కొబ్బరి నూనె రాస్తే నీరు తక్కువ పీలుస్తుంది.

కొబ్బరి నూనె అంటే గుర్తొచ్చింది, ఇంట్లో పేస్టు చేసే ముచ్చట. నూనె, వంట సోడా, లవంగం పొడి కలపమంటారు. వీడియోల్లో అది వెన్నలా నిలబడుతుంది, ఎందుకంటే వాళ్ల ఇళ్లలో చలి. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. అంబాజీపేట పక్కన ఉంటూ ఆ సంగతి నాకెవరూ చెప్పక్కర్లేదు. సంక్రాంతి ముందు కొన్ని తెల్లవారుజాముల్లో తప్ప మా సీసాలో సోడా అడుగుకీ, నూనె పైకీ. రుచి ఉప్పన. అసలు లోపం వేరే, పళ్లు పుచ్చకుండా కాపాడే ఫ్లోరైడ్ అందులో లేదు.

అత్తయ్యగారి చిన్నప్పుడు ఊక బూడిదలో ఉప్పు కలిపి తోముకునేవారట. ధాన్యపు ఊక కాలిస్తే మిగిలేదాంట్లో ఎక్కువ భాగం సిలికా, ఇసుకలో ఉండే పదార్థమే. మెరుపు రావడం నిజమే, పంటి పైపొర అరిగి వస్తుంది ఆ మెరుపు. ఇప్పుడు ఖరీదైన ట్యూబుల్లో అమ్మే బొగ్గు పేస్టు మీద కూడా నాకు ఇదే అనుమానం. ట్యూబు కొసన పచ్చ గీత ఉంటే సహజం, నల్ల గీత ఉంటే కెమికల్ అనే వాట్సాప్ మెసేజీ మా స్టాఫ్‌రూములో ఇంకా తిరుగుతోంది. ఆ గీత ట్యూబు కోసే యంత్రానికి గుర్తు, అంతే.

ఫ్లోరైడ్ మాటెత్తితే మనవాళ్లకు నల్గొండ గుర్తొస్తుంది. ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు, ఫ్లోరోసిస్, దేశంలో మొదట వెలుగులోకి వచ్చింది కూడా 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలోనే. కానీ అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వచ్చేది. పేస్టు మింగం, ఉమ్మేస్తాం. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం (పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు) మించకూడదు. నురగ లేకుండా ఫ్లోరైడ్ ఉన్న పేస్టు దొరకడం కాస్త కష్టమే, మూలికల పేస్టుల్లో చాలావాటిలో అది ఉండదు. జపాను వాళ్లు 1980 నుంచి అమ్ముతున్న హైడ్రాక్సీఅపటైట్ పేస్టు మంచి ప్రత్యామ్నాయమంటారు. అది పంటి పైపొరలో ఉండే ఖనిజమే. ధర చూసి నేను కొనలేదు.

ఆదివారం పొద్దున్న మాత్రం గట్టున ఉన్న వేప చెట్టు నుంచి పుల్ల విరుస్తాను. ఏ రోజు పుల్ల ఆ రోజే పారేస్తాం గనుక దానికి ఆరే బెడద లేదు. ముందు పళ్ల వరకు బాగా పనిచేస్తుంది, వెనక దవడ పళ్ల లోపలి వైపుకు చేరదు. అందుకే ఆ రోజు కూడా రాత్రి బ్రష్షు తప్పదు. మా పాపకు పుల్ల ఇవ్వను, ఫ్లోరైడ్ పేస్టు బఠాణీ గింజంత వేసి ఉమ్మేదాకా పక్కనే నిలబడతాను. మూడేళ్లు దాటని పిల్లలకైతే బియ్యపు గింజంత చాలన్నారు డాక్టరు గారు.